పది శాతం వరకు పర్లేదంటే, దేనికి పర్లేదు?

మొన్న ఏప్రిల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టుల వైవాకి ఎక్స్‌టర్నల్‌గా పిలిస్తే వెళ్లాను. సివిల్‌లో తొమ్మిది బ్యాచ్‌లు. వాటిలో మూడు బ్యాచ్‌ల ప్రాజెక్టు ఒకటే, పాత టైర్ల పొడి కలిపిన కాంక్రీటు. ఆ మూడింట్లో ఒక బ్యాచ్ మాత్రం సెల్ఫ్ కాంపాక్టింగ్ కాంక్రీటు తీసుకుంది. సైట్లలో మనం ఎస్‌సీసీ అంటామే, అది. వైబ్రేటర్‌తో కుదపకుండానే తనంతట తానే పరుచుకునే కాంక్రీటు. ఇసుకలో 5, 10, 15, 20 శాతం తీసేసి ఆ జాగాలో రబ్బరు పొడి వేసి, ఒక్కోదానికి మూడేసి క్యూబులు పోసి, 7 రోజులకి, 28 రోజులకి పగలగొట్టారు. చివరి స్లైడులో పెద్ద అక్షరాలతో రాసుకున్నారు: పది శాతం వరకు రబ్బరు వాడవచ్చు, సురక్షితం.

"దేనికి సురక్షితమమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి ఒకసారి గైడ్ వైపు చూసి, "స్ట్రక్చరల్ మెంబర్స్‌కి సార్. కాలమ్స్, బీమ్స్" అంది.

ఆమె కష్టపడలేదని కాదు. జల్లెడ పట్టిన లెక్కలన్నీ తన చేత్తో రాసినవే. ఏ మిక్సులో కాంక్రీటు పారేలా చేసే మందు, అదే అడ్మిక్చర్, ఎంత పడిందో కాగితం చూడకుండా చెప్పింది. నేను మంచి మార్కులే వేశాను. కానీ ఆ జవాబు నాతో పాటు ఇంటికొచ్చింది. ఎందుకంటే అది ఆ ఒక్క అమ్మాయి జవాబు కాదు. ఈ అంశం మీద నేను చదివిన పేపర్లలో చాలావాటి చివర ఇదే వాక్యం ఉంటుంది, శాతం అంకె ఒక్కటే మారుతుంది.

నేను పన్నెండేళ్లుగా విజయవాడ దగ్గర ఒక రెడీమిక్స్ ప్లాంట్‌లో క్వాలిటీ చూస్తున్నాను. టైరు పొడిని ఎస్‌సీసీలో కలపడం మంచి ఆలోచనే అని నమ్ముతాను. ఈ రెండిటికీ నిజంగా జోడీ కుదురుతుంది. కానీ మనం దాన్ని పట్టుకెళ్లి ఇంటి పిల్లర్లో పెట్టాలని చూస్తున్నాం. అది దాని చోటు కాదు. దాని చోటు ఏదో చెప్పాలంటే ముందు ఆ రోజు ల్యాబ్‌లో చూసింది చెప్పాలి.

పగలని క్యూబు

వైవా అయ్యాక ఇంకా రెండు క్యూబులు మిగిలాయంటే, పదండి పగలగొడదాం అన్నాను. ఒకటి మామూలు ఎస్‌సీసీ, రెండోది 20 శాతం రబ్బరుది.

మామూలు క్యూబు అందరికీ తెలిసినట్టే పగిలింది. లోడు పెరుగుతూ పోయింది, కాసేపు ఏమీ లేదు, ఉన్నట్టుండి టప్‌మని పెద్ద చప్పుడు. చుట్టూ ఉన్న చెక్కలు ఊడిపడి మధ్యలో డమరుకం ఆకారం మిగిలింది. కాంక్రీటు మంచిదైతే అలాగే పగలాలి.

రెండోది పెట్టాం. లోడు పెరిగింది, కానీ మొదటిదాని దరిదాపులకి కూడా రాకుండానే ముల్లు నెమ్మదించింది. పక్కలమ్మట వెంట్రుకంత పగుళ్లు మొదలయ్యాయి. ల్యాబ్ అసిస్టెంటు చప్పుడు కోసం చూస్తున్నాడు. చప్పుడు రాలేదు. ముల్లు వెనక్కి తిరిగింది, క్యూబు మాత్రం నిలబడే ఉంది. "ఇది చావదు సార్" అన్నాడతను.

బయటికి తీసి చేతుల్లో పట్టుకుని చూశాను. ఒళ్లంతా బీటలు, అయినా ముక్క ఊడలేదు. ఒక మూల బొటనవేలితో నొక్కితే చెక్క కదిలింది, మళ్లీ వెనక్కొచ్చింది. బీటలోకి సెల్ టార్చి వేసి చూస్తే, అక్కడక్కడ నల్లటి గింజలు ఇటు సగం అటు సగం పట్టుకుని పగులుకి అడ్డంగా ఉన్నాయి.

ఆ క్యూబుకి ఆ పిల్లలు రిపోర్టులో రాసింది ఒక్క అంకె. బలం ఇంత తగ్గింది అని. దాని అసలు గుణం ఆ అంకెలో లేదు. అది తక్కువ మోస్తుంది, కానీ ఒక్కసారిగా తెగిపోదు. దెబ్బ తగిలితే మింగుతుంది. మనం దాన్ని తూచిన తక్కెడలో ఈ గుణానికి చోటే లేదు.

బలం తగ్గడానికి కారణాల్లో పెద్ద రహస్యం ఏమీ లేదు. ఇసుక రేణువు రాయి, రబ్బరు రేణువు మెత్తన. చుట్టూ ఉన్న సిమెంటు గుజ్జు బరువు మోస్తుంటే మధ్యలో రబ్బరు ఉన్నచోట దాదాపు ఖాళీ ఉన్నట్టే. పైగా రబ్బరుకి నీళ్లంటే గిట్టదు. తడవకుండా ఒంటికి గాలి బుడగలు పట్టుకుని లోపలికొస్తుంది, సిమెంటు దాన్ని సరిగ్గా అంటుకోదు. 1993లో ఎల్డిన్, సెనూచీ అనే ఇద్దరు చేసిన పరీక్షలు ఈ రంగంలో అందరూ చెప్పుకునేవి. కంకర మొత్తం తీసేసి టైరు ముక్కలు వేస్తే బలం 85 శాతం దాకా పడిపోయింది. ఇసుక మొత్తం తీసేసి పొడి వేస్తే 65 శాతం దాకా. మూడు దశాబ్దాలుగా ఆ లోటు పూడ్చడానికి అందరూ కుస్తీ పడుతున్నారు. కాస్టిక్ సోడాలో నానబెట్టడం, సిలికా ఫ్యూమ్ అనే అతి సన్నటి పొడి పూత వేయడం, ఊరికే నీళ్లలో నానబెట్టడం, ఇలా ఎన్నో. కొందరికి పని చేసింది, కొందరికి చేయలేదు. కాస్టిక్ సోడాలో నానబెట్టిన తర్వాత కడిగిన నీళ్లు ఎక్కడ పోశారని ఆ పిల్లల్ని అడగాలనిపించింది, అడగలేదు.

32 వచ్చింది కదా, 30 దాటింది కదా

ఆ బ్యాచ్ మిక్సు ఎం30, అంటే చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్లు మోయాల్సింది. పది శాతం రబ్బరుతో వాళ్లకి 28 రోజులకి సగటున 32 వచ్చింది. 30 దాటింది కాబట్టి సురక్షితం అన్నారు. ఇక్కడే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

ఎం30 అంటే సగటున 30 రావాలని కాదు. సైట్లో కాంక్రీటు రోజుకో రకంగా ఉంటుంది. ఇసుకలో తడి మారుతుంది, ఎండ మారుతుంది, లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఆ హెచ్చుతగ్గులన్నీ పోను, నూటికి ఐదుకి మించి క్యూబులు 30 కిందకి పోకూడదు. అందుకే డిజైన్ చేసేటప్పుడు 30కి 1.65 రెట్లు 5 కలిపి 38.25ని గురి పెట్టుకుంటాం. ఆ 5 హెచ్చుతగ్గుల కొలత, స్టాండర్డ్ డీవియేషన్. ఈ లెక్క వాళ్ల పుస్తకంలోనూ ఉంది, మొదటి చాప్టర్లో వాళ్లే రాశారు కూడా. సగటే 32 అయితే, అదే హెచ్చుతగ్గులతో, మూడింట ఒక క్యూబు 30 కన్నా తక్కువ వస్తుంది. మూడు పిల్లర్లలో ఒకటి. ల్యాబ్‌లో మూడు క్యూబులే పోశారు కాబట్టి అది కనపడలేదు.

రబ్బరు కలిపితే ఆ హెచ్చుతగ్గులు పెరుగుతాయే గానీ తగ్గవు. ఇది నేను స్వయంగా చూశాను.

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఆర్డర్లు తక్కువగా ఉన్నప్పుడు ప్లాంట్‌లో ట్రయల్ వేశాను. 30 మెష్ రబ్బరు పొడి, అంటే అంగుళానికి 30 కన్నాలున్న జల్లెడలోంచి పడేది, ఇసుక జాగాలో 20 శాతం. ఎస్‌సీసీ పరీక్ష చూసినవాళ్లకి తెలుసు, పళ్లెం మీద కోను బోర్లించి నింపి పైకి లేపితే పెనం మీద దోశపిండిలా గుండ్రంగా పరుచుకోవాలి. 650 నుంచి 700 మిల్లీమీటర్ల వరకు పారితే మాకు సంతోషం. మొదటి ట్రయల్ 600 దాటలేదు. రబ్బరు గరుకు గరుకుగా ఉండి పారనివ్వదు. అడ్మిక్చర్ కొంచెం పెంచాను. ఈసారి 690 పారింది. అంకె చూసి సరే అనుకునేవాణ్నే. వంగి చూస్తే, చుట్టూ అంచు దగ్గర సన్నగా నీటి గుజ్జు, దాని మీద నల్లటి నురగలాంటిది తేలుతోంది.

అదే మిక్సుతో ఒక సిలిండర్ పోసి, గట్టిపడ్డాక నిలువునా కోయించాను. కింది సగంలో చుక్కలు అక్కడొకటి ఇక్కడొకటి. పై రెండంగుళాలు నువ్వులద్దిన అరిసెలా ఉంది. ఇసుక సాంద్రత 2.6, రబ్బరుది 1.15 దాకా. పలచటి గుజ్జులో అది పైకి రాక ఏం చేస్తుంది? పిల్లరు పోసినప్పుడు ఇలా జరిగితే రబ్బరంతా ఎక్కడికి చేరుతుందో ఆలోచించండి. పిల్లరు పై భాగానికి, సరిగ్గా బీము కలిసే చోటుకి. భూకంపం వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ చోటునే.

అంచు బిగించడానికి ఫ్లైయాష్, అదే థర్మల్ ప్లాంట్ బూడిద, పెంచి, చిక్కదనం పెంచే మందు వేసి మూడో ట్రయల్‌లో దారికి తెచ్చాను. కుదిరింది. కానీ మర్నాడు ఇసుకలో తడి ఒక శాతం మారితే మళ్లీ తేలింది.

ఎస్‌సీసీ ఎందుకు పుట్టింది

ఇది గుర్తు చేసుకోకపోతే నా వాదన సగమే అవుతుంది. 1986లో టోక్యో యూనివర్సిటీలో హజిమె ఒకామురా ఈ ఆలోచన బయటపెట్టారు. 1988 నాటికి మొదటి మిక్సు తయారైంది. జపాన్‌లో కట్టిన కాంక్రీటు కట్టడాలు అనుకున్నదానికన్నా ముందే పాడవుతుండటం ఆయన్ని ఆలోచింపజేసింది. కాంక్రీటుని బాగా దట్టించే పనివాళ్లు తగ్గిపోతున్నారు. సరే, పనివాడి నైపుణ్యం మీద ఆధారపడని కాంక్రీటే చేద్దాం అనుకున్నారు. పోస్తే చాలు, తన బరువుతో తానే కడ్డీల మధ్య దూరి మూలమూలకీ చేరాలి. జపాన్‌లోనే ఆకాషి కైక్యో అనే వేలాడే వంతెన తీగల్ని పట్టి ఉంచే భారీ దిమ్మల్ని దానితోనే పోసి, రెండున్నరేళ్ల పనిని రెండేళ్లకి తెచ్చారు.

మన సైట్లలో వైబ్రేటర్ ఎవరి చేతికిస్తారు? గ్యాంగ్‌లో అందరికన్నా కొత్తగా వచ్చిన కుర్రాడి చేతికి. బరువు పని, చేతులు జివ్వుమంటాయి, సీనియర్లు పట్టుకోరు. నా ఉద్యోగం మొదటి ఏడాది ఒక అపార్టుమెంటు సైట్లో సెంట్రింగ్ విప్పేసరికి బీము పిల్లరు కలిసే చోట తేనెపట్టులా కంకర బయటికి కనపడింది. కడ్డీలు అంత దగ్గర దగ్గరగా ఉంటే వైబ్రేటర్ నీడిల్ దూరలేదు. మేస్త్రీ సాయంత్రానికల్లా సిమెంటు పూసేసి, "కనపడదులెండి సార్" అన్నాడు. ఇప్పటికీ ఆ రోడ్డు మీద వెళ్తే ఆ మూడో ఫ్లోరు వైపు చూడకుండా వెళ్లలేను. ఎస్‌సీసీ మీద నాకున్న గౌరవం అక్కడ మొదలైంది.

అందుకే నా బాధ. పనివాడి చేతివాటం మీద ఆధారపడకూడదని పుట్టిన కాంక్రీటుని, ఇసుకలో ఒక శాతం తడికి కూడా చెడిపోయేంత సున్నితంగా మార్చి, ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన పిల్లర్లో పోయమంటున్నాం.

ఇక్కడ ఆ పిల్లల పక్షాన కూడా మాట్లాడాలి. రబ్బరు మామూలు కాంక్రీటులో ఇంకా ఘోరం. వైబ్రేటర్ పెట్టిన కొద్దీ తేలికగా ఉన్నది పైకి లేస్తుంది. వైబ్రేటర్ అక్కర్లేని ఎస్‌సీసీలో, గుజ్జు చిక్కదనం సరిగ్గా కుదిరితే, రబ్బరు ఉన్నచోట ఉంటుంది. ఈ కిటుకు పట్టుకుని కెనడాలో, బ్రిటన్‌లో, టర్కీలో చాలామంది పని చేశారు. జైపూర్‌లో ఎంఎన్ఐటీ అనే ఇంజనీరింగ్ సంస్థ వాళ్లు మామూలు రబ్బరు కాంక్రీటు మీద ఏళ్ల తరబడి చేసిన పని కూడా నేను శ్రద్ధగా చదివాను. జోడీ కుదురుతుందని ముందే అన్నది ఇందుకే. పాళ్లు రోజూ చూసుకునే చోట, అంటే అచ్చుల్లో పోసే ప్రీకాస్ట్ యార్డులో, అది కుదురుతుంది. నాలుగో అంతస్తులో పంపు గొట్టం చివర కుదరదు.

భోగి మంట

ఇదంతా చదివి, "మరైతే టైర్లని ఏం చేద్దామంటారు?" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన మాటే. నాకూ ఆ దిగులు ఉంది.

మా ఊళ్లో భోగికి పాత సైకిల్ టైర్లు, ట్రాక్టర్ టైర్లు దాచిపెట్టేవాళ్లం. పిడకలు, మొద్దులు తెల్లారేసరికి బూడిదయ్యేవి, టైరు ఒకటి వేస్తే ఎండెక్కేదాకా మండేది. పొద్దున్నే అమ్మ ముగ్గు మీద పడిన నల్లటి మసిని చెయ్యి తాకకుండా నోటితో ఊదేది. తాకితే ముగ్గంతా నలుపు పాకుతుంది. మా ఇంటి గోడ మీద ఆ మసి వానాకాలం దాకా ఉండేది. ఇప్పుడు ఏటా భోగి ముందు టైర్లు కాల్చొద్దని అధికారులు చెబుతూనే ఉన్నారు, తెల్లవారుజామున వాసన వస్తూనే ఉంది.

కువైట్‌లో లారీ తోలే మా పిన్ని కొడుకు సులైబియా టైర్ల దిబ్బల గురించి చెప్పేవాడు. 4.2 కోట్లకి పైగా టైర్లు ఎడారిలో పోగుపడ్డాయి. 2012లో అక్కడ మంటలు లేచాయి, తర్వాత కూడా లేచాయి. చివరికి 2021లో వాటిని తరలించారు. మన దగ్గర కేంద్రం 2022 జూలైలో కొత్త నిబంధనలు తెచ్చింది. టైరు తయారు చేసినవాళ్లే పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి, మొదటి ఏడు 35 శాతం, తర్వాత 70, 2024-25 నుంచి నూటికి నూరు. పాత టైర్లని కాల్చి నూనె తీయడానికి విదేశాల నుంచి తెప్పించుకోవడం ఆపేశారు. కాబట్టి రబ్బరు పొడికి దారి వెతకడం అనవసరమని నేనెప్పుడూ అనను.

కానీ పాతదాన్ని ఎక్కడో ఒకచోట దాచేయాలన్న తొందర ఎంత దూరం తీసుకెళ్తుందో ఫ్లోరిడా చూసింది. 1972లో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర సముద్రంలో ఇరవై లక్షల దాకా టైర్లని కట్టలు కట్టి పడేశారు. వాటి మీద పగడాలు పెరుగుతాయి, చేపలొస్తాయి, చెత్తా పోతుంది అనుకున్నారు. ఆస్బోర్న్ రీఫ్ అని పేరు కూడా పెట్టారు. కట్టిన పట్టీలు ఉప్పునీటికి తుప్పు పట్టి తెగిపోయాయి. తుపాన్లకి టైర్లు దొర్లి పక్కనున్న అసలు పగడాలని రాసేశాయి. 2007 నుంచి మిలిటరీ డైవర్లు దిగి ఒక్కొక్కటే తీశారు. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదక్కడ. ఎక్కడ పెడుతున్నాం, అది అక్కడ ఏం చేస్తుంది అన్నది పూర్తిగా అడగలేదు, అంతే.

సిమెంటు లెక్క

పర్యావరణం పేరు చెప్పేటప్పుడు లెక్క పూర్తిగా వేయాలి. ఒక క్యూబిక్ మీటరు ఎస్‌సీసీలో ఇసుక 850 కిలోల దాకా పడుతుంది. పది శాతం ఘనపరిమాణం తీసి రబ్బరు వేస్తే అది సుమారు 37 కిలోలు. కారు టైరు ఒకటి ఎనిమిది కిలోలుంటే, ఇనుప తీగలు, గుడ్డ పోను ఐదు కిలోల పొడి రావచ్చు. అంటే ఒక మీటరు కాంక్రీటులో ఏడు టైర్లు. బాగానే ఉంది.

ఇప్పుడు 32కి పడిపోయిన సగటుని మళ్లీ 38కి తేవాలి. నా అనుభవంలో దానికి 40 కిలోల సిమెంటైనా ఎక్కువ పడుతుంది. కిలో సిమెంటు తయారీకి 800, 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలో రబ్బరుని దాచడానికి కిలోకి పైగా కొత్త సిమెంటు. ఎస్‌సీసీలో సిమెంటులాంటి మెత్తటి పొడి అసలే ఎక్కువ పడుతుంది, దాని మీద ఇది. ఫ్లైయాష్‌తో కొంత, ఇనుప కొలిమి చిట్టెమైన స్లాగ్‌తో కొంత సర్దుకోవచ్చు, నిజమే. ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంట్ బూడిద మాకు కూతవేటు దూరం. అయినా సర్దుకోవడానికి ఒక హద్దుంటుంది.

ఇందులో నాకు తేలని చిక్కు ఒకటుంది. ఆ 37 కిలోల రబ్బరు కాంక్రీటులోకి రాకపోతే ఎక్కడికి పోయేది? ఊరవతల కాలిపోయేదైతే, ఆ 40 కిలోల సిమెంటు పెట్టినా మనకే లాభం. అదే జగ్గయ్యపేట వైపు సిమెంటు బట్టీలో బొగ్గుకి బదులు మండేదైతే లెక్క తిరగబడుతుంది. కిలో టైరులో కిలో మన బొగ్గు కన్నా ఎక్కువ వేడి ఉంటుంది, అందులో తీగ కూడా క్లింకర్‌లో, అంటే నూరితే సిమెంటయ్యే గడ్డల్లో, కలిసిపోతుంది. రోడ్డు తారులో కలిస్తే ఇంకో లెక్క. రబ్బరు కలిపిన తారుకి మనకి 2004లోనే ఐఎస్ 15462 అనే భారత ప్రమాణం వచ్చింది. అన్నిటికన్నా ముందు, ఆటోనగర్‌లో లారీ టైర్లకి మళ్లీ కొత్త ట్రెడ్ వేసి నడిపిస్తున్నారే, ఆ పనికి మించిన రీసైక్లింగ్ లేదు. వీటన్నిటి పక్కన పెట్టి చూసినప్పుడే కాంక్రీటు తన వంతు అడగాలి. బలం చాలక, సిమెంటు ఎక్కువ పోసి, పిల్లర్లో దూర్చి అడగకూడదు.

మరి దాని చోటు

ఆ క్యూబు చప్పుడు లేకుండా నలిగింది కదా. అలా నలగడం ఎక్కడ కావాలి?

డివైడర్ దగ్గర కావాలి. హైవే మీద రాత్రి రెండింటికి నిద్రమత్తులో కారు వచ్చి గుద్దే కాంక్రీటు దిమ్మ దగ్గర కావాలి. ఆ దిమ్మ 38 మోయనక్కర్లేదు. దెబ్బలో కొంత తను మింగితే లోపలున్న మనిషి మీద అంత తక్కువ పడుతుంది. టైరు ముక్కలు కలిపిన అడ్డుగోడల్ని గుద్దించి చూసిన పరీక్షలు టర్కీ పరిశోధకులు 2008లోనే చేశారు. బలం తగ్గింది, దెబ్బ మింగడం పెరిగింది. ఇవి యార్డులో, అచ్చుల్లో, ఒకే మనిషి పర్యవేక్షణలో పోసేవి. ఎస్‌సీసీకి అంతకన్నా అనువైన చోటు లేదు. అచ్చు ఎత్తు తక్కువ, రబ్బరు తేలే దూరమూ తక్కువ. నునుపైన అంచులు, వైబ్రేటర్ మోత లేదు.

రోడ్డు పక్క కర్బ్ రాళ్లు, పార్కింగ్‌లో చక్రం ఆపే దిమ్మలు, పిల్లర్‌కి కారు తగలకుండా పెట్టే అడ్డు. జనరేటర్ కింద దిమ్మ, అదురు పక్క గదికి పాకకుండా. మేడ మీద స్లాబుపైన వేసే వాలు పొర. ఈ చివరిదాని మీద నాకు ప్రత్యేకంగా ఆశ ఉంది. రబ్బరు వేడిని అంత తేలిగ్గా పోనివ్వదు, బరువూ తక్కువ. మే నెలలో రెంటచింతల ఎండ గురించి మన పేపర్లలో రాని ఏడాది లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పై అంతస్తులో పడుకునేవాళ్లకి రెండంగుళాల పొర ఎంత మేలు చేస్తుందో ఏ బ్యాచ్ అయినా ప్రాజెక్టుగా తీసుకుని రెండు వేసవులు కొలిస్తే బాగుండు.

"ఇలా చిన్నచిన్న చోట్లకే పరిమితం చేస్తే టైర్లు ఎన్ని ఖర్చవుతాయి?" అని మా ప్లాంట్ మేనేజర్ గారే అడిగారు. పిల్లర్లు, స్లాబుల్లో పోసే కాంక్రీటు ముందు ఇది ఎంత అని. ఆ మాటలో నిజముంది. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం ఆయనతో అన్నాను. రబ్బరు పొడి కిలో ధర ఇసుక ధరకి ఎన్నో రెట్లు. పిల్లర్లో ఇసుకకి బదులు ఎవరూ దాన్ని డబ్బు పెట్టి కొనరు. కంకర, ఇసుకల మీద మన ప్రమాణం ఐఎస్ 383 ని 2016లో మార్చినప్పుడు స్లాగులు, పాత కాంక్రీటు ముక్కలు చేర్చారు, రబ్బరు చేర్చలేదు. రూలూ లేదు, లాభమూ లేదు. అదే దెబ్బ మింగే గుణానికి విలువ కట్టే చోట, అదురు ఆపితే డబ్బిచ్చే చోట, రబ్బరుకి తన ధర తనకొస్తుంది. అప్పుడే ఎవరో ఒకరు యార్డు పెడతారు.

ఇంకో సందేహం నన్ను వదలడం లేదు. 2020 చివర్లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం వాళ్లు ఒక విషయం కనిపెట్టారు. టైరు పెళుసెక్కకుండా కలిపే 6పీపీడీ అనే మందు గాలి తగిలి మారిపోయి వాన నీటితో వాగుల్లోకి చేరి, కోహో సామన్ చేపల్ని చంపుతోంది. రోడ్డు మీద అరిగిన టైరు ధూళి సంగతి అది. కాంక్రీటులో బిగిసిన రబ్బరు అలా కొట్టుకుపోదు. కానీ డివైడర్‌ని యాభై ఏళ్ల తర్వాత పగలగొట్టి పొడి చేసి ఎక్కడో పరుస్తాం కదా, అప్పుడు? పైన లారీ చక్రాలు గీసి గీసి పొట్టు లేస్తుంది కదా, అది? ఈ ప్రశ్నలు ఆ మూడు బ్యాచ్‌ల రిపోర్టుల్లో ఎక్కడా లేవు. క్యూబులు నానబెట్టిన తొట్టిలో నీళ్లనైనా ఒకసారి పరీక్షకి పంపి ఉండొచ్చు, టైరు రబ్బరులో ఉండే జింక్ ఎంత దిగిందో తెలిసేది.

వైవా అయిన వారానికి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. వచ్చే ఏడాది జూనియర్లు ఈ ప్రాజెక్టే తీసుకుంటే చెప్పమని నాలుగు మాటలు చెప్పాను. సిలిండర్‌ని నిలువునా కోసి పై సగం, కింది సగం లెక్కపెట్టండి. క్యూబు పగిలాక అంకె రాసి వదిలేయకండి, ముక్కలు పట్టి ఉన్నాయో లేదో ఫోటో తీయండి. పైనుంచి బరువు పడేసి ఎన్ని దెబ్బలకి విరిగిందో చూడండి. చివరి స్లైడులో శాతం కన్నా ముందు ఏ వస్తువు కోసమో రాయండి.

"సార్, మరి మా మిగిలిన మెటీరియల్ ఉంది. దాంతో ఏమైనా చేయొచ్చా?" అంది.

అరబస్తా రబ్బరు పొడి. జూన్‌లో వాళ్ల నాన్నగారితో వచ్చి ప్లాంట్‌లో ఇచ్చి వెళ్లింది. దానితో 15 శాతంది ఒక కర్బ్ రాయి, అదే మిక్సు రబ్బరు లేకుండా ఇంకో కర్బ్ రాయి పోశాం. రెండూ మా గేటు దగ్గర మలుపులో పక్కపక్కన పాతించాను. ట్రాన్సిట్ మిక్సర్లు అక్కడే తిరుగుతాయి, వెనక చక్రం రోజుకి పదిసార్లైనా రాసుకుంటూ పోతుంది. మామూలు రాయి బయటి మూల ఆగస్టులోనే అరచేయంత లేచిపోయింది. రబ్బరుదాని మూల ఉంది, కానీ పైముఖం గరుకెక్కింది, నల్లటి గింజలు కొన్ని బయటపడ్డాయి, వేలితో గీకితే రెండు ఊడొచ్చాయి. ఆ రెండు గింజల్ని కవర్లో వేసి తేదీ రాసి పెట్టాను. వాచ్‌మన్‌కి చెప్పాను, ఆ రెండు రాళ్లకీ సున్నం వేయొద్దని.